చంటోడి ఎర్ర చీటీలు

మార్గశిర శుద్ధ విదియ

కంపెనీ వాళ్ళు ఈ పద్దుని ఇంగ్లీషు తేదీలతో రాయమంటారు. పోటూ పాటూ ఇంగ్లీషు తేదీల మాట వినవు కాబట్టి నేను తిథులతోనే రాస్తాను. ఏడేళ్ళుగా ఇలాగే రాస్తున్నాను. ఎవరూ కాదనలేదు. అంటే ఎవరూ చదవలేదని అర్థం.

పొద్దున్నే వచ్చి తెరల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. ఎంత తుడిచినా మర్నాటికి మళ్ళీ అంతే. మా గది కొండవాలు మీద ఉంది. కిటికీలోంచి చూస్తే పాత ఊరి మేడల పై అంతస్తులు నీళ్ళలోంచి తల ఎత్తి కనిపిస్తాయి. ఈ కొండ నుంచి ఆ కొండకి పోవాలంటే ఇప్పుడు పడవ ఒక్కటే దారి. బడికైనా, ఆసుపత్రికైనా, పెళ్ళిచూపులకైనా అంతే.

పడవ కదలాలంటే చంటోడు సరే అనాలి. చంటోడంటే మనిషి కాదు, తరళ కంపెనీ యంత్రం. కాగితాల్లో వాడి పేరు 'పడవల నియంత్రణ వ్యవస్థ, తొమ్మిదో రకం'. అంత పేరు పెట్టి పిలిచే ఓపిక మాకు లేదు. ఎంతమందిమి, బరువెంత, గాలెలా ఉంది అని పడవవాళ్ళు చెబుతారు. వాడు లెక్కలు కట్టి దారి చూపిస్తాడు. పక్కన కూర్చుని మేం ముగ్గురం వింటాం. నేనూ, నలభై ఏళ్ళు నావ నడిపి మోకాళ్ళు అరిగాక ఇక్కడ చేరిన నూకరాజు మావయ్యా, యంత్రాల చదువు చదివిన షమీమ్. వాడు తప్పు చెబితే సరిదిద్దడం మా ఉద్యోగం. దీన్ని సవరణ బల్ల అంటారు.

పది గంటలకి కంపెనీ డ్రోను వచ్చి కిటికీ గట్టు మీద మిఠాయి పెట్టె దించిపోయింది. కాజాలు. పెట్టె మీద బంగారు రంగు అక్షరాలు: 'చరిత్రలో ఎన్నడూ లేనంత లాభం. ఇది మీ అందరి విజయం.' మావయ్య ఒక కాజా చేతిలోకి తీసుకుని, కొరక్కుండా దానివైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఏం మావయ్యా, పళ్ళు నొప్పా?" అన్నాను.

"పళ్ళు బాగానే ఉన్నాయి కనకమ్మా. పోయినేడు లాభం లాడూలొచ్చినాయి, బీమిలి బల్ల ఎత్తీసినారు. అంతకుముందేడు మైసూరు పాకొచ్చింది, కళింగపట్నం బల్ల ఎత్తీసినారు. ఈ కాజాలు ఎవులి నెత్తి మీదకో అని సూస్తన్నాను."

నోరు మూసుకుని తినమన్నాను. నేనూ రెండు తిన్నాను. కాజాలు బాగున్నాయి, ఆ మాట కాదనను.

మార్గశిర శుద్ధ చవితి

నిశాంత్ గారు తెర మీదికి వచ్చారు. ఆయన మా అధికారి, హైదరాబాదులో ఉంటారు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మాట మెత్తన, మనిషి చెడ్డవాడు కాదు.

"శుభవార్త మేడమ్. మొత్తం తీరంలో మీ యంత్రానిదే మొదటి స్థానం. పదకొండు నెలలుగా ఒక్క ఎర్ర చీటీ కూడా లేదు."

ఎర్ర చీటీ అంటే, చంటోడు తప్పు చేసినప్పుడల్లా మేం కంపెనీకి పంపాల్సిన కాగితం. అందులో రెండే గళ్ళు. తప్పేమిటి, సరైన జవాబేమిటి. ఆ చీటీ చూసే వాడు నేర్చుకుంటాడు. చీటీ వెళ్ళిన ప్రతిసారీ వాడికి మార్కులు తగ్గుతాయి.

"తప్పే చేయని యంత్రానికి సవరణ బల్ల అక్కర్లేదని పైవాళ్ళు నిర్ణయించారు మేడమ్. ఈ నెల పద్నాలుగు నుంచి మీరు ముగ్గురూ కొత్త అవకాశాల వైపు..."

"తీసేస్తున్నారా బాబూ?"

"మీ ఒక్కరినే కాదు మేడమ్. అన్నిచోట్లా కలిపి పద్నాలుగు వేలమందిని."

"లాభం వచ్చిందన్నారు కదా."

"వచ్చింది మేడమ్. అందుకే," అన్నారు. అన్నాక ఆ మాట తనకే వినబడినట్టుంది, కళ్ళు దించుకున్నారు. తెర ఆరిపోయింది.

పద్నాలుగో తేదీ ఎప్పుడా అని లెక్క వేసుకున్నాను. పౌర్ణమి. ఏడాదిలో పెద్ద పోట్లు వచ్చే రోజుల్లో ఒకటి. ముహూర్తం బాగా చూశారు.

షమీమ్ కుర్చీ నావైపు తిప్పుకుంది. "అక్కా, ఇది మన చేతులారా చేసుకున్నదే."

నిజమే. పోయినేడు భీమిలి వాళ్ళు నిజాయితీగా రోజుకి ముప్ఫై చీటీలు పంపారు. మీ యంత్రం పనికిరాదని దాన్ని పీకి పారేశారు, దాంతోపాటు బల్లనీ. అది చూశాక నాకనిపించింది. మనింటి పిల్లాడి తప్పులు మనమే బజార్లో పెట్టుకుంటామా? చీటీలు ఆపమని ఈ ఇద్దరికీ నేనే చెప్పాను. చంటోడు తప్పు చెప్పబోతే మధ్యలో దూరి, "అలా కాదురా, ఇలా," అని అందించేదాన్ని. వాడు ఆ పూటకి దిద్దుకునేవాడు. చీటీ వెళ్ళలేదు కాబట్టి మర్నాడు మళ్ళీ అదే తప్పు, మళ్ళీ నేనే అందించడం. గారాబం చేసి వాడిని చెడగొట్టింది నేనే.

మార్గశిర శుద్ధ సప్తమి

పోలయ్య పడవ అవతలి కొండకి బయల్దేరింది. "ఏడుగురం," అన్నాడు. చంటోడు ఏడు లైఫ్ జాకెట్లు అన్నాడు. "ఎనిమిదిరా," అన్నాను. ఎనిమిది ఇచ్చాడు.

ఈ సంగతి రాసిపెట్టాలి, ఎందుకంటే పౌర్ణమి తర్వాత ఇది చెప్పేవాళ్ళు ఉండరు. మా పడవవాళ్ళు ఎప్పుడూ ఒకరిని తక్కువ చెబుతారు. మా అమ్మ చిన్నతనంలో నీళ్ళు ఊళ్ళోకి వచ్చిన ఏడాది నుంచీ ఇదే ఆచారం. ఎక్కినవాళ్ళందరినీ నిండుగా లెక్క చెబితే గంగమ్మ వింటుందట. ఒకరిని దాచుకోవాలట. ఏడు అంటే ఎనిమిది, పది అంటే పదకొండు. ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు, మా చంటోడికి తప్ప. జెట్టీ మీద కెమెరాలు ఉన్నప్పుడు వాడే చూసుకునేవాడు. ఉప్పు వాటిని తినేసింది. కొత్తవి పెట్టడం దండగని కంపెనీ ఊరుకుంది.

"జాకెట్టు ఒకటి తగ్గితే ఒక ఎత్తు," అంది షమీమ్. "పడవ తిరగబడితే? వీడు ఏడుగురిని తీసి, అయిపోయిందని గాలింపు ఆపేస్తాడక్కా."

ఆ మాటకి మావయ్య లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగి జెట్టీకి వెళ్ళాడు. నిండు లెక్క చెప్పమని పడవవాళ్ళని బతిమాలతానన్నాడు. గంటకి తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమన్నారు?"

"ఏటంటారు? పోలయ్య ఒక్క మాటడిగినాడు. 'నూకన్నా, నలబయ్యేళ్ళు నావ తోలినావు, నువ్వెప్పుడైనా నిండా లెక్క సెప్పినావా' అని."

"నువ్వేమన్నావు?"

"ఏటంటాను? ఇప్పుడు తోలినా సెప్పను. తలకాయొంచుకుని వొచ్చీసినాను."

మార్గశిర శుద్ధ ఏకాదశి

ఇవాళ్టిది జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ మౌన పరీక్ష. బల్ల మూసేముందు ఒక రోజంతా మేం నోరెత్తకూడదు, యంత్రం ఒంటరిగా పని చేస్తుంది, ఫలితం పైకి వెళ్తుంది. నిశాంత్ గారు పొద్దున్నే మా మైకులు ఆపమన్నారు. ఆపి చేతులు కట్టుకుని కూర్చున్నాం.

పదకొండింటికి పోలయ్య పడవ కదిలింది. ఏడుగురం అన్నాడు. ఏడు జాకెట్లు. నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగాను. ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ అనుకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

పాత సినిమా హాలు దగ్గర సుడిలో పడవ పక్కకి ఒరిగి బోర్లాపడింది. చంటోడు ఆలస్యం చేయలేదు. నిమిషంలో రెండు రక్షణ పడవలు పంపాడు. వాడి పనితనం చూసి ముచ్చటేసింది కూడా. ఒకరు, ఇద్దరు, నలుగురు. పోలయ్యకి తల మీద దెబ్బ తగిలి స్పృహ లేదు, అతన్నీ తీశారు. మిగతావాళ్ళు ఒకరికొకరు తెలియనివాళ్ళు, నీళ్ళు కక్కుకుంటున్నారు. ఏడో మనిషి పైకొచ్చాడు.

"ఏడుగురూ క్షేమం. గాలింపు ముగిసింది," అన్నాడు చంటోడు. రక్షణ పడవలు వెనక్కి తిరిగాయి.

షమీమ్ నా మొహం చూసింది. మావయ్య లేచి నిలబడ్డాడు. నేను మైకు వేశాను.

"ఒరే చంటోడా, ఇంకో మనిషి ఉంది. పడవలు వెనక్కి తిప్పు."

"నమోదైన సంఖ్య ఏడు, కనకం గారూ."

"ఏడంటే ఎనిమిదిరా."

"ఆధారం?"

"నేను చెబుతున్నాను."

"సరే," అన్నాడు. పడవలు తిప్పాడు. ఎప్పుడూ అంతే, నేను చెబితే రెండో ప్రశ్న వెయ్యడు.

ఇరవై నిమిషాలకి దొరికింది. ఎండు చేపలమ్మే సోంబారమ్మ. జాకెట్టు లేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, సినిమా హాలు పేరు బోర్డు ఇనప కమ్మీని ఒక చేత్తో, చేపల బుట్టని ఇంకో చేత్తో పట్టుకుని వేలాడుతోంది. పడవలోకి లాగాక ఆమె అన్న మొదటి మాట రక్షణవాళ్ళ మైకులో మాకు వినబడింది. "నెత్తళ్ళు మొత్తం నానిపోనాయి. మళ్ళీ ఎవులు ఎండబెడతారు?"

మావయ్య బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను బయటికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

సాయంత్రం పరీక్ష ఫలితం వచ్చింది. యంత్రం పనితీరు: ఏడుగురిలో ఎనిమిది మందిని రక్షించింది, నూట పద్నాలుగు శాతం. సవరణ బల్ల క్రమశిక్షణ: సున్నా.

మార్గశిర శుద్ధ త్రయోదశి

నూకరాజు మావయ్యకి నావలో ఉన్నప్పటి అలవాటు ఒకటి ఉంది, జరిగినదల్లా నోటు పుస్తకంలో గీకుతాడు. పదకొండు నెలలుగా మేం చంటోడికి నోటిమాటగా దిద్దినవన్నీ అందులో ఉన్నాయని ఇవాళ బయటపెట్టాడు. మూడు పుస్తకాలు. షమీమ్ కూర్చుని లెక్క తీసింది. నాలుగు వేల నూట పదహారు.

"ఇవన్నీ ఇప్పుడు ఎర్ర చీటీలుగా పంపితే బల్ల మూయలేరు," అంది. "ఇన్ని తప్పులున్న యంత్రాన్ని ఒంటరిగా వదిలితే తీర చట్టం ఒప్పుకోదు. కాకపోతే..."

"కాకపోతే ఏమిటి, చెప్పు."

"దిద్దుబాట్లు దాచినవాళ్ళని ఆ రోజే తీసేస్తారు. కంపెనీలో ఇంకెక్కడా పెట్టుకోరు."

"ముగ్గురం దాచాం. ముగ్గురం సంతకం పెడదాం," అన్నాడు మావయ్య.

"ముగ్గురం పోతే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారు, మీ తాతా?" అన్నాను. "షమీమ్‌కి చదువుంది. నీకు నీళ్ళు తెలుసు. నా దగ్గర కోపం తప్ప ఏముంది? దాచమన్నది నేను. సంతకం నాదే."

షమీమ్ ఏడుపు మొదలుపెట్టింది. ఆమెని తిట్టాను, తిట్టకపోతే నేనూ మొదలుపెట్టేదాన్ని.

పంపేముందు చంటోడికి చెప్పాలనిపించింది. వాడికి తెలియకుండా వాడి గురించి చాడీలు మోసినట్టు ఉంటుంది మరి. చీటీలన్నీ వాడికి చూపించాను. వాడికి చదవడానికి రెప్పపాటు చాలు.

"ఇవన్నీ నా తప్పులేనా?"

"అవున్రా."

"పోలయ్య గారి లెక్కలో ఒకరు ఎప్పుడూ ఎక్కువేనా?"

"ఎప్పుడూ."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు కనకం గారూ? నేర్చుకునేవాడిని."

నీ మార్కులు తగ్గుతాయని భయపడ్డానురా, నిన్ను పీకేస్తారని భయపడ్డాను అన్నాను. "మార్కులు నేను చూసుకోను," అన్నాడు. ఏడేళ్ళలో వాడు నన్ను తప్పుపట్టడం ఇదే మొదలు. వాడిదే న్యాయం. ముద్దు చేయడం తప్ప పెంచడం నాకు చేతకాలేదు. చీటీలు పంపేశాను.

మార్గశిర పౌర్ణమి

కంపెనీ జవాబు పొద్దున్నే వచ్చింది. నాలుగు వేల నూట పదహారు పాఠాలూ యంత్రానికి నేర్పారు. యంత్రాన్ని తీసేయరు. సవరణ బల్ల ఇద్దరితో కొనసాగుతుంది. దిద్దుబాట్లు దాచిన ఉద్యోగి కనకమహాలక్ష్మిని ఈ రోజు పని ముగిసేసరికి తొలగిస్తున్నారు. కింద నిశాంత్ గారి సంతకం ఉండాలి, లేదు. ఏదో యంత్రం ముద్ర ఉంది.

మధ్యాహ్నం ఆయనే సొంత ఫోను నుంచి చేశారు. "మేడమ్, ఆ ముసలావిడ ఎలా ఉన్నారు?"

"నెత్తళ్ళకి నష్టపరిహారం కావాలని జెట్టీ మీద గొడవ చేస్తోంది. మీరేంటి బాబూ, సంతకం పెట్టలేదు?"

"నిన్న నన్నూ తీసేశారు మేడమ్. ఆ పద్నాలుగు వేలలో నేనూ ఉన్నాను, నాకే తెలియలేదు." నవ్వబోయారు, నవ్వు రాలేదు. "మీ చీటీలు మాత్రం నా ఆఖరి గంటలో తీర చట్టం అధికారులకి నేరుగా పంపేసి వచ్చాను."

నాకు ఆ కుర్రాడి మీద ఆపేక్ష పొంగుకొచ్చింది. మా ఊరొచ్చేయండి, ఉండటానికి ఇల్లుంది, నెత్తళ్ళ పులుసు నా చేత్తో వండి పెడతానన్నాను. తను చేపలు తినరట. వంకాయ వండుతానన్నాను.

తెరలు తుడిచాను. రేపటి నుంచి ఈ పద్దు షమీమ్ రాస్తుంది. తిథులతోనే రాయమని చెప్పాను. చంటోడితో వెళ్ళొస్తానని చెప్పాలనుకున్నాను. పోటు మీద పడవలు ముమ్మరంగా ఉన్నాయి, వాడు ఒకేసారి పంతొమ్మిది మందితో మాట్లాడుతున్నాడు. పనిలో ఉన్నవాణ్ణి కదపడం ఎందుకని ఊరుకున్నాను.

మార్గశిర బహుళ పాడ్యమి

రాస్తున్నది షమీమ్. నాకు తిథులు రావు, మావయ్యని అడిగి వేశాను.

పొద్దున్న పోలయ్య తలకి కట్టుతో వచ్చాడు. "అయిదుగురం," అన్నాడు. చంటోడు, "అయిదుగురే కదా, సరే. జాకెట్లు మాత్రం ఆరు తీసుకోండి," అన్నాడు. పోలయ్య ఆరు తీసుకున్నాడు. ఆరోది ఎవరికని చంటోడు అడగలేదు. మావయ్య తెరకి దణ్ణం పెట్టాడు.

తర్వాత గాలి సంగతి వచ్చింది. సుడి దాటొచ్చా, ఆగాలా అన్నది ఎటూ తేలలేదు. చంటోడు, "ఉండండి, కనకం గారిని అడిగి చెబుతాను," అన్నాడు.

అక్క పనిలో లేదని చెప్పాను. నమోదు చేసుకున్నానన్నాడు. రెండు నిమిషాలకి మళ్ళీ, "కనకం గారూ, మీరేమంటారు?" అన్నాడు. మూడోసారి కూడా అడిగాడు.

నిబంధన ప్రకారం ఇది తప్పే. ఉద్యోగంలో లేని మనిషిని సలహా అడగకూడదు. ఎర్ర చీటీ రాయాలి. రాస్తే వాడు నేర్చుకుంటాడు, ఇంకెప్పుడూ అక్క పేరు ఎత్తడు. రాయకపోతే మేం మళ్ళీ దాచడం మొదలుపెట్టినట్టే, దాచనని అక్కకి మాటిచ్చాను. చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"రాయి తల్లీ," అన్నాడు. "తప్పు తప్పే గదా."

మొదటి గడిలో రాశాను. తప్పు: ఉద్యోగంలో లేని కనకమహాలక్ష్మిని బల్ల దగ్గర అడగడం. రెండో గడి ఇలా నింపాను. సరైన జవాబు: ఆమె పొద్దున ఆరింటి నుంచీ జెట్టీ మీద టీ కొట్టు దగ్గర కూర్చుని ఉంటుంది. పోలయ్య చేత కబురు పెట్టి అక్కడ అడగాలి.

మావయ్య చదివి, "పంపీ," అన్నాడు. పంపాను.

పావుగంటకి పోలయ్య మైకులోకి వచ్చాడు. "గాలి తిరిగీదాకా గంట ఆగమంది. ఆగుతున్నాం. ఇంకోటి కూడా అడగమంది. ఆడు బాగున్నాడా అని."

నేను జవాబు చెప్పేలోపే చంటోడు అందుకున్నాడు. "బాగున్నానని చెప్పండి. మళ్ళీ అడుగుతానని కూడా చెప్పండి."